ఢిల్లీ జైళ్లలో 184 శాతం, మన దగ్గర నూటికి లోపే: ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల మాస్టారు | శనివారం ఉదయం 9.12

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా వేసే జైళ్ల నివేదికలు కొన్నేళ్లవి ముందేసుకుని కూర్చున్నాను. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలో 1,330 జైళ్లున్నాయి. వాటిలో పట్టేది 4,36,266 మంది, ఉన్నది 5,73,220 మంది. అంటే 131.4 శాతం. మరుసటి ఏడాది చివరికి ఖైదీలు 5.30 లక్షలకు తగ్గి, శాతం 120.8కి దిగింది. దిగిన తరువాత కూడా నూరు మంది ఉండాల్సిన చోట 121 మంది ఉన్నారన్నమాట.

నన్ను ఆపేసింది దేశం సగటు కాదు, రాష్ట్రాల పట్టిక. 2022లో ఢిల్లీ 184.5, ఉత్తరాఖండ్ 182.4, ఉత్తరప్రదేశ్ 179.9, మేఘాలయ 167.2, మధ్యప్రదేశ్ 163. అదే పట్టికలో కిందికి వస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు నూటికి లోపే. నాగాలాండ్ జైళ్లయితే సగం కూడా నిండలేదు. ఒకే దేశం, ఒకే శిక్షాస్మృతి, ఒకే సుప్రీంకోర్టు. మరి ఇంత తేడా ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

రైల్వే పేట | శనివారం ఉదయం 9.40

ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముంది మాస్టారూ? నేరాలు ఎక్కువున్న చోట జైళ్లు నిండుతాయి. ఉత్తరప్రదేశ్ జనాభా ఎంత, మన జనాభా ఎంత? లోపల ఇరుకుగా ఉందని బాధపడేవాళ్లు లోపలికి వెళ్లే పని చేయకుండా ఉండాల్సింది. మా దుకాణం షట్టరు రెండుసార్లు పగలగొట్టారు. పట్టుబడ్డవాడు బెయిలు మీద వచ్చి అదే వీధిలో టీ తాగుతున్నాడు. వాడికి చదరపు అడుగులు సరిపోయాయా లేదా అని నేను కొలవాలా?

లెక్కల మాస్టారు | శనివారం ఉదయం 10.05

జనాభా తీసేసి చూసినా తేడా పోవడం లేదండీ. ఢిల్లీ జనాభా రెండు కోట్ల పైచిలుకు, జైళ్లలో 18,497 మంది. మన రెండు రాష్ట్రాల జనాభా తొమ్మిది కోట్ల దాకా ఉంటుంది. ఇక్కడి ఖైదీలందరినీ కలిపినా ఢిల్లీ సంఖ్యకు చేరరు. ఢిల్లీలో అందరూ దొంగలు, మనమందరం సాధువులమని ఎవరైనా అంటారా? నమోదయ్యే కేసులను బట్టి జైళ్లు నిండేటట్లయితే, లక్ష జనాభాకు కేసుల నమోదులో ఎప్పుడూ ముందుండే కేరళ ఈ పట్టికలో మొదటి వరుసలో ఉండాలి. లేదు.

ఇంకొక సంగతి. లోపలున్న ఆ 5.73 లక్షల మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 76 మంది. నేరం చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చలేదు. వీరిలో అయిదేళ్లు దాటినవారే 11 వేలకు పైగా ఉన్నారు. మీ షట్టరు పగలగొట్టినవాడి మీద మీకున్న కోపం న్యాయమే. కానీ నేను అడుగుతున్నది వీళ్ల గురించి.

పాత వార్డరు | శనివారం ఉదయం 11.30

నేను జైళ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఏ జైలో చెప్పను. లోపల శాతం ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను.

2016 నమూనా జైలు మాన్యువల్ ప్రకారం పడక బ్యారక్‌లో ఒక్కో ఖైదీకి 3.71 చదరపు మీటర్లు ఇవ్వాలి. దాదాపు 40 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు అనుకోండి. మనిషి పడుకుని, పక్కన సంచి పెట్టుకుని, లేచి నడవడానికి దారి కూడా అందులోనే. 184 శాతం అయితే అది 22 చదరపు అడుగుల లోపుకు పడిపోతుంది. అంటే వెడల్పు మూడున్నర అడుగులు. రాష్ట్రం సగటు అంత ఉన్నప్పుడు కొన్ని జిల్లా జైళ్లలో మూడు రెట్లు కూడా ఉంటారు. అక్కడ మనిషికి దక్కే వెడల్పు రెండు అడుగుల చిల్లర.

అలాంటి చోట సాయంత్రం లాకప్ వేశాక పడకల సర్దుబాటే మాకు పెద్ద పని. ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా ఎదురు బొదురుగా పడుకోబెట్టేవాళ్లం. కొత్తగా వచ్చినవాడికి మరుగుదొడ్డి గుమ్మం పక్కన చోటు. పాతవాడు ఎవరైనా విడుదలైతేనే ఒక్కో పడక ముందుకు జరిగి గోడ వారకు చేరతాడు. ఆ గోడ పక్క చోటు కోసం తగువులు, బీడీ కట్టలతో బేరాలు. ఒకరికి గజ్జి వస్తే వారం తిరక్కుండా బ్యారక్ అంతా గోక్కునేది. నీళ్ల ట్యాంకు కట్టింది సామర్థ్యం లెక్కకు, స్నానం చేసేది ఉన్నవాళ్ల లెక్కకు.

మాస్టారు గమనించాల్సిన చిన్న మతలబు ఒకటుంది. పాత వర్క్‌షెడ్డుకు ఇనుప తలుపు బిగించి బ్యారక్ అని రాస్తే ఆ జైలు సామర్థ్యం పెరిగిపోతుంది. శాతం దిగుతుంది. మరుగుదొడ్లు అన్నే, వార్డర్లు అంతమందే.

ఉత్తరాంధ్ర విలేఖరి | శనివారం మధ్యాహ్నం 1.15

ఆంధ్రప్రదేశ్ సగటు నూటికి లోపు అని సంబరపడే ముందు ఒకసారి అడవివరం రండి. విశాఖపట్నం కేంద్ర కారాగారంలో సామర్థ్యానికి దాదాపు రెట్టింపు మంది ఉంటున్నారు. కారణం గంజాయి. ఏజెన్సీలో, ఒడిశా సరిహద్దులో పట్టుబడిన సరుకు ఎన్ని బస్తాలైతే అన్ని కేసులు. నిందితులంతా ఆ ఒక్క గేటు లోపలికే.

ఇక సగటు సంగతి చూడండి. రాష్ట్రంలో ఏదో మూల సబ్‌జైల్లో ఇరవై మందికి చోటుంటే నలుగురు ఉంటారు. మహిళా జైలు ఖాళీగా ఉంటుంది. పొలం పనులు చేయించే రెడ్డిపల్లి ఆరుబయలు జైల్లో చోటుంటుంది కానీ రిమాండు ఖైదీని అక్కడికి పంపరు. ఇవన్నీ కలిపి భాగిస్తే నూటికి లోపు వస్తుంది. అడవివరంలో పడుకున్నవాడికి ఆ భాగహారంతో ఒరిగేదేమిటి?

అక్కడ పట్టుబడేది ఎవరో కూడా చెప్పాలి. కోర్టు వాయిదాలకు వెళ్లినప్పుడు నాకు కనబడేది మోతకూలీలు, ఆటో డ్రైవర్లు, లారీ క్లీనర్లు, సంచి బస్సెక్కిస్తే డబ్బిస్తామంటే ఒప్పుకున్న కుర్రాళ్లు. సరుకు ఎవరిదో ఆ మనిషి వాయిదాకు రాడు, ఎందుకంటే చార్జిషీటులో అతని పేరే ఉండదు.

రైల్వే పేట | శనివారం మధ్యాహ్నం 1.32

గంజాయి మోసేవాడిని కూడా వదిలేయమంటారా ఇప్పుడు? మా కాలేజీ పిల్లల దాకా వచ్చింది ఆ దరిద్రం. మోసేవాడు లేకపోతే అమ్మేవాడు ఎలా అమ్ముతాడు?

వాయిదాల వకీలు | శనివారం సాయంత్రం 5.50

వదిలేయమని ఎవరూ అనడం లేదు. విచారణ జరిపి శిక్ష వేయమంటున్నారు. జరగనిది అదే.

గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో వాణిజ్య పరిమాణం. అప్పుడు మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ అడ్డుపడుతుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కుదిరితే తప్ప బెయిలు లేదు. సాక్షుల విచారణ మొదలుకాకుండానే ఆ నమ్మకం ఎలా కుదురుతుంది? మామూలు కేసుల్లో 60, 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఇక్కడ ఆ గడువు 180 రోజులు, కోర్టు అనుమతిస్తే ఏడాది. ల్యాబు రిపోర్టు కోసం ఎదురుచూపులు దానికి అదనం.

కొత్త చట్టం వచ్చింది కదా అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం రిమాండులో గడిపేస్తే బెయిలు మీద విడుదల చేయాలి. మిగతావాళ్లకు సగం. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే చెప్పింది. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. వినడానికి బాగుంది. వాణిజ్య పరిమాణానికి గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. మూడో వంతు అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు! పైగా ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ సెక్షన్ వర్తించదు. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలు ఎలాగూ ఈ సెక్షన్ పరిధిలోకి రావు.

రాష్ట్రాల మధ్య తేడా అన్నారు మాస్టారు. నా అనుభవంలో అది మూడు చోట్ల పుడుతుంది: పోలీసు అరెస్టు చేసే తీరు, మేజిస్ట్రేటు రిమాండు వేసే తీరు, పూచీకత్తు అడిగే తీరు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు 2014లోనే చెప్పింది. దాన్ని ఒక జిల్లాలో నోటీసు ఇచ్చి పంపేస్తూ పాటిస్తారు, పక్క జిల్లాలో కారణాల కాగితం మీద టిక్కులు కొట్టి పాటిస్తారు.

పాట్నా ప్రవాసి | శనివారం రాత్రి 8.20

బ్యాంకు ఉద్యోగంతో కొన్నేళ్లుగా బిహార్‌లో ఉన్నాను. వకీలు గారు చెప్పిన మూడింటికి ముందు నాలుగోది ఒకటి చేర్చాలి: అసెంబ్లీ. ఇక్కడ 2016 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం. తాగి దొరికితే జైలు, సీసా దొరికితే జైలు. హైకోర్టు బల్లల మీద బెయిలు పిటిషన్లు కొండలా పేరుకున్నాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు 2021 డిసెంబరులో విజయవాడ వచ్చినప్పుడు ఇచ్చిన ఉపన్యాసంలో ఈ బిహార్ చట్టాన్నే ఉదాహరణగా చూపారు. ముందుచూపు లేకుండా చట్టం చేస్తే కోర్టుల మీద ఏ మేరకు భారం పడుతుందో చెప్పడానికి. తరువాతి ఏడాది ప్రభుత్వం చట్టం సవరించి, మొదటిసారి తాగి పట్టుబడినవారిని జరిమానాతో పంపేయడానికి వీలు కల్పించింది. అయినా 2022 చివర బిహార్ జైళ్లలో 64,914 మంది ఉన్నారు, 136 శాతం.

ఇది కొత్త రోగం కూడా కాదు. 1979లో హుసేనారా ఖాతూన్ కేసు పుట్టింది ఈ గడ్డ మీదే. పడాల్సిన శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ పేరుతో లోపలున్న మనుషులు అప్పుడు బయటపడ్డారు. సత్వర విచారణ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే.

శాక్రమెంటో తెలుగు | ఆదివారం ఉదయం 7.05

దూరం నుంచి రాస్తున్నాను, సందర్భం ఉంది కాబట్టి. కాలిఫోర్నియా రాష్ట్ర జైళ్లు ఒకప్పుడు మీ ఢిల్లీ అంకె కంటే దారుణం. సుమారు 80 వేల మందికి కట్టిన చోట లక్షా 56 వేల మంది. వ్యాయామశాలల్లో మూడంతస్తుల మంచాలు వేశారు. కొన్నిచోట్ల 54 మందికి ఒక మరుగుదొడ్డి అని అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. 2011లో ఇచ్చిన ఆ తీర్పు పేరు బ్రౌన్ వర్సెస్ ప్లాటా. వైద్యం అందక ఖైదీలు చనిపోతున్నారని, రద్దీ తగ్గకుండా వైద్యం బాగుపడదని తేల్చి, సామర్థ్యంలో 137.5 శాతానికి దించమన్న ఆదేశాన్ని సమర్థించింది. కొత్తవి కడతారో, ఉన్నవారిని తగ్గిస్తారో మీ ఇష్టం, గీత మాత్రం దాటకూడదు.

రాష్ట్రం ఏం చేసిందంటే చిన్న నేరాల వారిని కౌంటీ (మన జిల్లా లాంటివి) జైళ్లకు మళ్లించింది. కొంతకాలం ఆ జైళ్లు కిక్కిరిశాయి. 2014లో ప్రజాభిప్రాయ సేకరణతో చిన్న దొంగతనాలు, సొంత వాడకానికి మత్తుమందు ఉంచుకోవడం లాంటివాటికి శిక్ష తగ్గించారు. 2015 మొదట్లో గీత కిందికి వచ్చారు. పదేళ్లకు జనానికి మళ్లీ కోపం వచ్చి 2024లో అందులో కొంత వెనక్కి తీసుకున్నారు, రైల్వే పేట గారి లాంటి దుకాణదారులే ముందు నిలబడి. భారతదేశంలో కోర్టులు రద్దీ గురించి ఎన్నో మాటలు చెప్పాయి కానీ ఇన్ని శాతం దాటితే కుదరదు అని గీత గీయలేదు.

రైల్వే పేట | ఆదివారం ఉదయం 7.48

చూశారా, అక్కడివాళ్లకూ తెలిసొచ్చింది! అయినా ఇంత చర్చ ఎందుకు, కొత్త జైళ్లు కడితే పోతుంది కదా. రోడ్లకు, విగ్రహాలకు ఉన్న డబ్బు దీనికి లేదా?

లెక్కల మాస్టారు | ఆదివారం ఉదయం 9.30

కట్టారండీ. 2019 చివర సామర్థ్యం 4,03,739. మూడేళ్లలో 32 వేల పైచిలుకు చోట్లు పెంచారు. ఆ మూడేళ్లలో ఖైదీలు 4,78,600 నుంచి 5,73,220కి, అంటే 94 వేలకు పైగా పెరిగారు. ఒక చోటు కడితే ముగ్గురు వచ్చారు. మధ్యలో కరోనా కాలంలో సుప్రీంకోర్టు చెప్పి, ప్రతి రాష్ట్రంలో కమిటీలు వేసి, పెరోళ్లు, మధ్యంతర బెయిళ్లు ఇచ్చి పంపినా 2020 చివరి శాతం 118. మరుసటి ఏడాదికే 130.2. తొట్టిలో నీళ్లు తోడుతూ కుళాయి కట్టేయకపోతే ఏమవుతుందో అదే అయింది.

2022 రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు సుప్రీంకోర్టు జడ్జీల ముందే ఇదే అడిగారు. ఇంకా జైళ్లు కట్టాలంటున్నారు, మనం ముందుకు పోతున్నామా, మరి జైళ్లెందుకు పెరగాలి అని.

ఓరుగల్లు కోట | ఆదివారం మధ్యాహ్నం 12.10

కట్టడం సరే, పడగొట్టడం సంగతి? మా వరంగల్ కేంద్ర కారాగారం నిజాం కాలం నాటిది. 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి రావద్దని ఎవరూ అనరు. కానీ లోపలున్నవారిని చర్లపల్లికి, ఇతర జైళ్లకు తరలించారు. రాష్ట్రం మొత్తం లెక్క చూస్తే చోటు సరిపోయింది, శాతం నూరు దాటలేదు, పట్టికలో అంతా సవ్యం. ములుగు నుంచి వరంగల్ వచ్చి ములాఖత్ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే తల్లికి హైదరాబాద్ ప్రయాణం అంటే కూలి పోవడం, చార్జీలు, రాత్రి బస్టాండులో పడక. అంతకు ముందు ఖైదీలు తక్కువయ్యారని కొన్ని సబ్‌జైళ్లూ మూసేశారు. ఖాళీ జైలు దండగ అనేవారికి ఒక్క మాట: ఊరికి, కోర్టుకు దగ్గరగా ఉన్న చిన్న జైలు ఖాళీగా ఉన్నా దాని ఉపయోగం దానికి ఉంది.

పాత వార్డరు | ఆదివారం మధ్యాహ్నం 12.55

నూటికి నూరుపాళ్లు. దూరం పెరిగితే వాయిదాలు కూడా తప్పుతాయి. ఎస్కార్టు పోలీసులు దొరకరు. బందోబస్తు, మంత్రుల పర్యటన, పండగ, ఏదో ఒకటి. వీడియోలో హాజరు వేస్తే రిమాండు పొడిగింపు అయిపోతుంది, విచారణ మాత్రం నడవదు.

పాడేరు రోడ్డు | ఆదివారం సాయంత్రం 4.20

ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మా పెద్దమ్మ కొడుకు దొంగసొత్తు కేసులో లోపలున్నాడు. గంజాయి కాదు. బెయిలు వచ్చి నెల దాటింది. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఒక్కొక్కరికి ఇంటి పన్ను రసీదు గానీ జీతం స్లిప్పు గానీ ఉండాలన్నారు. మా ఊళ్లో ఇళ్లకు కాగితాలు లేవు, నెలజీతగాళ్లు లేరు. కోర్టు బయట ఒకాయన డబ్బిస్తే మనుషులను తెస్తానన్నాడు. పెద్దమ్మ చెవిపోగులు అమ్మడానికి సిద్ధపడింది. వకీలు గారూ, వేరే దారి ఏదైనా ఉందా?

వాయిదాల వకీలు | ఆదివారం సాయంత్రం 4.51

చెవిపోగులు అమ్మనివ్వకండమ్మా. ఆ అద్దె జామీనుదారుల జోలికి అసలు పోవద్దు. కాగితాలు దొంగవని తేలితే బెయిలు రద్దవుతుంది, మీవాళ్ల మీద ఇంకో కేసు పడుతుంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు సరిగ్గా మీలాంటివారి కోసమే ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే ఆ షరతును సడలించే సంగతి కోర్టే స్వయంగా పరిశీలించవచ్చు. జామీను మొత్తం కట్టలేని పేద విచారణ ఖైదీలకు, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం కూడా అదే ఏడాది వచ్చింది.

రేపు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. బెయిలు ఆర్డరు నకలు, కేసు నంబరు పట్టుకెళ్లండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. షరతు సడలించమని వాళ్లు పిటిషన్ వేస్తారు. సొంత పూచీకత్తు మీదే వదలమని అడగమనండి. ముందు ఫోను చేయాలంటే నంబరు 15100.

ఇది ఎవరి దయా కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి పదివేల జామీను అడిగి, సోదరుడు పూచీకి వస్తే అతనిది వేరే జిల్లా అని మేజిస్ట్రేటు తోసిపుచ్చాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టమన్నారు. ఆ తీర్పు పేరు మీ వకీలుకు చెప్పండి, మిగతాది ఆయనకు తెలుస్తుంది.

రైల్వే పేట | ఆదివారం సాయంత్రం 5.10

బెయిలు ఇవ్వకూడదనే నా వాదన. కానీ జడ్జి ఇచ్చేశాక కాగితం లేక లోపల ఉంచుతున్నారంటే, ఆ తిండి ఖర్చు కూడా నా పన్ను డబ్బే కదా. ఇలాంటివాళ్లు దేశంలో ఎంతమంది ఉన్నారో నివేదికలో ఉందా మాస్టారూ?

లెక్కల మాస్టారు | ఆదివారం సాయంత్రం 5.34

నా ముందున్న పట్టికల్లో ఆ వరుస లేదు. విచారణ ఖైదీలు అన్న ఒక్క గడిలోనే వాళ్లూ కలిసిపోయారు. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కానివారి సంగతి సూపరింటెండెంట్లు తెలపాలి కాబట్టి ఆ జాబితా ప్రతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తు నేను రాసి మా జిల్లాకు వేస్తాను. ఉత్తరాంధ్ర విలేఖరి గారు విశాఖకు, ఓరుగల్లు కోట గారు వరంగల్‌కు వేస్తే మూడు జిల్లాలవైనా చేతికొస్తాయి.

ఉత్తరాంధ్ర విలేఖరి | ఆదివారం సాయంత్రం 6.02

వేస్తాను. బెయిలు వచ్చిన తేదీ, విడుదలైన తేదీ రెండూ అడగండి. ఒకటే అడిగితే ఒకటే ఇస్తారు.

పాత వార్డరు | ఆదివారం రాత్రి 8.45

పాడేరు రోడ్డు గారికి ఒక మాట. న్యాయసేవాధికార సంస్థ నుంచి వకీలు ఖరారైతే వకాలతు మీద ఖైదీ సంతకం జైల్లోనే తీసుకోవాలి, సూపరింటెండెంటు ధ్రువీకరించాలి. సాయంత్రం లాకప్ దగ్గరపడితే ఎవరూ పట్టించుకోరు, పొద్దున్నే పంపండి. బెయిలు ఆర్డరులో అబ్బాయి పేరు, తండ్రి పేరు జైలు రికార్డులో ఉన్నట్టే ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా విడుదల ఆ పూటకు ఆగిపోతుంది.